విశ్వవిద్యాలయాల మధ్య అంతర్జాతీయ సహకారం: అందులో మన పిల్లల వంతు

(సొసైటీ వార్షిక సభలో ఉపాధ్యాయుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



విశ్వవిద్యాలయాల మధ్య అంతర్జాతీయ సహకారం గురించి మాట్లాడమని సొసైటీ పెద్దలు మమ్మల్ని పిలిచారు. ఇది వైస్ ఛాన్సలర్లు మాట్లాడుకోవలసిన సంగతి కదా, బడిపంతుళ్లకు ఇందులో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. కానీ పదో తరగతి పిల్లల పేర్ల పట్టీ రాసేది మేమే. ఆ పట్టీలో పడిన పేరే మెమోలోకి వెళుతుంది, మెమోలోని పేరే డిగ్రీలోకి వెళుతుంది. పై దేశపు విశ్వవిద్యాలయానికి వెళ్లే దారి మా బడి బల్ల మీదే మొదలవుతుంది. అందుకే ఒప్పుకున్నాం.

ముందుగా ఒక మాట. ఈ అంతర్జాతీయ సహకారం ఎక్కడో దూరాన లేదు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే స్టేడియం తర్వాత వచ్చే స్టేషన్ పేరే ఎన్‌జీఆర్‌ఐ. ఆ తర్వాత హబ్సిగూడ, తార్నాక. రోజూ ఆ పేర్లు వింటూ ఎక్కుతాం, దిగుతాం. ఆ గేట్ల లోపల ఏం జరుగుతుందని అడిగితే మన పిల్లల్లో చాలామంది చెప్పలేరు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు.

ఎన్‌జీఆర్‌ఐ అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. 1961లో ఏర్పడింది. 1999లో ఫ్రాన్స్ ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థతో కలిసి అక్కడ ఇండో-ఫ్రెంచ్ భూగర్భజల పరిశోధన కేంద్రం పెట్టారు. నగరానికి దక్షిణాన మహేశ్వరం దగ్గర బోర్లలో నీటిమట్టాలను ఏళ్ల తరబడి కొలిచారు. మన నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి. ఆ రాతి పగుళ్లలో నీరు ఎలా నిలుస్తుంది, వాన నీటిలో ఎంత భాగం ఇంకుతుంది, బోర్లు ఎంత తోడేస్తున్నాయి అనేదే వారి పరిశోధన. ఫ్రాన్స్ వారికి కొన్ని పద్ధతులు తెలుసు, మనవారికి ఈ నేల తెలుసు. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరి దగ్గర లేదు కాబట్టి కలిశారు. సహకారం అంటే అంతే. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టే మన బస్తీలకు ఈ విషయం పరాయిది కాదు.

ఆ పక్కనే సీసీఎంబీ. అక్కడి శాస్త్రవేత్తలు అమెరికాలోని హార్వర్డ్ మెడికల్ స్కూల్ పరిశోధకులతో కలిసి 2009లో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. మన దేశంలోని 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించి, నేటి భారతీయుల్లో చాలామంది రెండు ప్రాచీన జనసమూహాల కలయిక అని చెప్పారు. కులం, ప్రాంతం అని గీతలు గీసుకునే మనందరికీ పనికొచ్చే పాఠం అది. ఉప్పల్ రోడ్డు మీది ప్రయోగశాలలో తయారైంది.

తార్నాకలో ఇఫ్లూ ఉంది. 1958లో బ్రిటిష్ కౌన్సిల్, ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే సంస్థగా మొదలైంది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. అరబ్బీ, ఫ్రెంచి, జర్మన్, జపనీస్, స్పానిష్ వంటి భాషలు అక్కడ నేర్పుతారు. ఇక మన ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. 1960లలో ఐక్యరాజ్యసమితి సాయంతో మొదలైన ఆ సంస్థలో ఇతర దేశాల వారూ శిక్షణ పొందారు. ఇన్ని దేశాల వారు మన వీధుల మీదుగా వచ్చిపోతుంటే మన పిల్లలు మాత్రం ఆ గోడల పక్కనుంచి నడిచి వెళుతున్నారు.

మన పూర్వులు అలా ఊరుకోలేదు. 1895లో పదహారేళ్ల హైదరాబాదు అమ్మాయి ఇంగ్లండుకు చదువుకోడానికి వెళ్లింది. ఆమే సరోజినీ నాయుడు. ఆమెకు స్కాలర్‌షిప్ ఇచ్చింది నిజాం. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అంతకు ముందు ఏడాదే ఆధునిక శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి అనువాద శాఖను నెలకొల్పారు. పై దేశాల చదువు ముందు పుస్తకాల రూపంలో మన దగ్గరికి వచ్చింది, తర్వాత ఆ చదువు చదివినవారు పై దేశాలకు వెళ్లారు. ఉస్మానియాలో చదివిన రజియుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి, అక్కడి నుంచి జర్మనీలోని లైప్జిగ్‌కు వెళ్లి పరిశోధన చేశారు. 1908లో హైదరాబాదులో పుట్టిన ముహమ్మద్ హమీదుల్లా ఉస్మానియా తర్వాత జర్మనీలోని బాన్‌లో, పారిస్‌లోని సోర్బోన్‌లో డాక్టరేట్లు పొందారు. ఖుర్ఆన్‌కు ఆయన చేసిన ఫ్రెంచి అనువాదం 1959లో వెలువడింది. ఉర్దూ మాధ్యమంలో చదివినా పారిస్‌లో తలెత్తుకుని నిలిచారు. మా పిల్లాడిది ప్రభుత్వ బడి, వాడికి అంత సీను ఎక్కడిది అనే తల్లిదండ్రులకు మేము ఈ సంగతే చెబుతుంటాం.

ఈనాడు దారులు అప్పటికంటే ఎక్కువ. 2022లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం మన విశ్వవిద్యాలయాలు విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి కోర్సులు నడపవచ్చు. క్రెడిట్ అంటే చదివిన చదువుకు లెక్క. ట్విన్నింగ్ పద్ధతిలో 30 శాతం దాకా క్రెడిట్లు అక్కడ సంపాదించి, మిగతా చదువు ఇక్కడే పూర్తి చేసి, ఇక్కడి డిగ్రీ తీసుకోవచ్చు. ఆడపిల్లను రెండేళ్లు దూరం పంపడానికి జంకే తల్లిదండ్రులకు ఒక సెమిస్టరు అంటే ధైర్యం రావచ్చు. యూరప్ వారి ఎరాస్మస్ ముండస్ అనే పథకం ఉంది. కనీసం రెండు దేశాల్లో చదివే ఉమ్మడి మాస్టర్స్ కోర్సులు అవి. ఎంపికైన విద్యార్థికి నెలకు 1,400 యూరోలు ఇస్తారు. డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగానే దరఖాస్తు చేయవచ్చు. మన రాష్ట్ర ప్రభుత్వానికి మైనారిటీ విద్యార్థుల కోసం ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం ఉంది. 20 లక్షల రూపాయల దాకా సాయం, ఒకవైపు విమాన ఛార్జీ ఇస్తారు. కేంద్రం విదేశీ విద్యారుణాల మీద వడ్డీ భారం మోసిన 'పఢో పర్‌దేశ్' పథకం మాత్రం 2022-23 నుంచి ఆగిపోయింది.

మరి సాయం చేసేవారు ఉన్నా మన పిల్లలు ఎందుకు అందుకోలేకపోతున్నారు? మా అనుభవంలో రెండు అడ్డంకులు కనిపిస్తున్నాయి.

మొదటిది పేరు. ఒకే అబ్బాయి ఆధార్‌లో 'ఎండీ', పదో తరగతి మెమోలో 'మహమ్మద్', ఇంటర్ మెమోలో 'మొహమ్మద్'. షేక్ అనేది ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఇంకోచోట రెండక్షరాలు. తల్లి పేరు పక్కన ఒకచోట బేగం, ఒకచోట బీ. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరుగా వేసి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని మూడక్షరాలు ముద్రిస్తారు. అసలు పేరు తెలియదని దాని అర్థం. కన్నవారు ఖుర్ఆన్ చదివించి పెట్టుకున్న పేరు అలా తెలియనిదైపోతుంది. సీటు వచ్చాక ఈ పేర్లు సరిచేయించుకోవాలంటే నెలలు పడుతుంది. పదో తరగతి నామినల్ రోల్స్ పంపే ముందు చూసుకుంటే ఒక పూట పని.

రెండోది మొదటి ఖర్చు. నాచారం పారిశ్రామికవాడలో లేత్ మిషన్ మీద పనిచేసే ఒక తండ్రి ఉన్నారు. పేరు చెప్పం. ఆయన కూతురు మా దగ్గర పదో తరగతి దాకా చదివింది, తర్వాత ఇంజనీరింగు చేసింది. జర్మనీలో ఒక విశ్వవిద్యాలయం సీటు ఇచ్చింది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. ఇల్లంతా సంతోషం. తర్వాత ఒక్కో కాగితం బయటికి వచ్చింది. పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు. ఇంగ్లీషు పరీక్షకు సుమారు 17 వేలు. జర్మనీ వారు మన సర్టిఫికెట్లు సరిచూసే ఏపీఎస్ పత్రానికి 18 వేలు. వీటికి అమ్మీ చెవికమ్మలు తాకట్టు పెట్టారు. ఆ తర్వాత వీసా కోసం బ్యాంకు ఖాతాలో ఏడాది ఖర్చు ముందే వేసి చూపాలన్నారు. 11,904 యూరోలు. మన లెక్కలో పది లక్షలకు పైమాటే. ఆ డబ్బు ఎవరికో కట్టే ఫీజు కాదు, అమ్మాయి అక్కడికి వెళ్లాక నెలనెలా ఆమె ఖర్చుకే తిరిగి వచ్చే సొమ్ము. అయినా అద్దె ఇంట్లో ఉండే తండ్రికి అంత అప్పు ఎవరిస్తారు?

ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ ఆ సొమ్ము అక్కడ దిగిన ఆధారం చూపాక ఒక విడత, మొదటి సెమిస్టరు ఫలితం చూపాక మరో విడత వస్తుంది. డబ్బు చూపితేనే వీసా, వీసా మీద వెళ్లి దిగితేనే డబ్బు. ఈ రెండింటి మధ్య ఆ అమ్మాయి సీటు గడువు దాటిపోయింది. ఇప్పుడు ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చుంటోంది. ఆ అమ్మాయికి మార్కులు తక్కువై కాదు, దానం చేసేవారు లేకా కాదు. సమయానికి కొన్ని నెలల బదులు దొరకలేదు, అంతే.

ఈ సహకారం రెండు వైపులా ఉండేది. ఉస్మానియాకూ, ఇఫ్లూకూ ఆఫ్రికా, అరబ్ దేశాల నుంచి, అఫ్ఘనిస్తాన్ నుంచి విద్యార్థులు వస్తున్నారు. తార్నాక, హబ్సిగూడ గల్లీల్లో గదులు అద్దెకు తీసుకుంటారు, మన మసీదుల్లో మన పక్కనే నిలబడి నమాజు చేస్తారు. 2021 ఆగస్టులో కాబూల్‌లో ప్రభుత్వం మారినప్పుడు, 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలైనప్పుడు అక్కడి నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్లల పరిస్థితి ఏమిటో ఊహించండి. ఇంటి నుంచి డబ్బు ఆగిపోతే గది అద్దె ఆగదు. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో దారిలో చిక్కుకున్న ముసాఫిర్ ఒకరు. ఎవరికి ఎంతవరకు వర్తిస్తుందో ఉలమాలు చెప్పాలి. పలకరించడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. వారి దగ్గర మన పిల్లలు అరబ్బీ మాట్లాడటం నేర్చుకోవచ్చు, వారికి మన పిల్లలు తెలుగులో కూరగాయల బేరం నేర్పవచ్చు. ఒప్పంద పత్రాలు లేని సహకారం అది.

ఇక దాతలకు మా విన్నపాలు నాలుగు.

ఒకటి, ఏటా పదో తరగతి పేర్లు బోర్డుకు వెళ్లకముందే మన బస్తీల్లో ఒక ఆదివారం పేర్ల శిబిరం పెడదాం. ఆధార్, జనన పత్రం, బడి రికార్డు పక్కపక్కన పెట్టి సరిచూస్తాం. ఆ పని మా ఉపాధ్యాయులం చేస్తాం. కాగితాల ఖర్చు మీరు భరించండి.

రెండు, పాస్‌పోర్టు, భాషా పరీక్ష, సర్టిఫికెట్ల పరిశీలన వంటి మొదటి ఖర్చులకు చిన్న నిధి పెట్టండి. ఒక పెళ్లిలో ఒక అదనపు వంటకానికి అయ్యే డబ్బుతో ఇద్దరు ముగ్గురు పిల్లల దరఖాస్తులు వెళతాయి.

మూడు, వీసా కోసం చూపవలసిన సొమ్ముకు ఖర్జె హసనా నిధి. ఇది దానం కాదు, వడ్డీ లేని బదులు. స్కాలర్‌షిప్ విడత చేతికి రాగానే తిరిగి కట్టేలా తండ్రీ బిడ్డా ఇద్దరితో రాయించుకుందాం. ఒకరు తీర్చిన సొమ్ము మరుసటి ఏడాది ఇంకొకరికి. దానంగా ఇచ్చిన పది లక్షలు ఒక్కరితో అయిపోతాయి. బదులుగా ఇచ్చిన పది లక్షలు తిరుగుతూనే ఉంటాయి. స్కాలర్‌షిప్ మంజూరు కాకపోతే ఎలాగని మీరు అడగాలి, అడగడం న్యాయం. అందుకే ముందు ఒకరిద్దరితో మొదలుపెట్టి, అర్హత నిబంధనలన్నీ సరిచూసి, ఇద్దరు హామీదారులను తీసుకుని ఇద్దాం.

నాలుగు, ఖర్చు లేనిది. సీఎస్‌ఐఆర్ ప్రయోగశాలలకు బడిపిల్లల కోసం 2017 నుంచి 'జిజ్ఞాస' అనే కార్యక్రమం ఉంది. అడగనిదే అమ్మయినా పెట్టదు. మేము అడుగుతాం. పిల్లలను తీసుకువెళ్లడానికి తోడు రండి. ఆ గేటు లోపలికి ఒక్కసారి వెళ్లి వచ్చిన పిల్లకు ఆ స్టేషన్ పేరు మరోలా వినిపిస్తుంది.

వెళ్లినవాళ్లు తిరిగి వస్తారా, మన డబ్బుతో చదివి అక్కడే స్థిరపడితే మనకేం లాభం అని కొందరు పెద్దలు అడుగుతుంటారు. అందరూ తిరిగి రారు. హమీదుల్లా గారూ తన జీవితంలో ఎక్కువ కాలం పారిస్‌లోనే గడిపారు. కానీ తీసుకున్న బదులు తీర్చే ప్రతి విద్యార్థీ నాచారంలో ఇంకో ఇంటి తలుపు తెరుస్తాడు. అతడు ఏ దేశంలో ఉన్నా ఆ తీర్చిన సొమ్ము ఇక్కడే ఉంటుంది. మేము కోరేది ఆ లెక్కే.

వచ్చే విద్యా సంవత్సరానికి దరఖాస్తు చేయదలచిన డిగ్రీ చివరి ఏడాది పిల్లలు ఈ సభలోనే ఉన్నారు. సభ ముగిశాక వెళ్లిపోకుండా పేర్లు రాయించమని వారిని కోరుతున్నాం. దాతలు ఆ జాబితా ఒక్కసారి చూసి వెళ్లండి.