బరువు మోయువారి మోకాళ్ళు

తెల్లవారుజామున మిల్లు తలుపులు తెరవకముందే మా ముఠావారందరము వేపచెట్టు క్రింద చేరుదుము. ఒకడు బీడీ ముట్టించును, ఒకడు తలగుడ్డ చుట్టుకొనును. వయస్సు మీరిన నలుగురైదుగురు మాత్రము ఖాళీ గోనెల కట్టలమీద కూర్చుండి, మాటలాడుచునే, అరచేతులతో మోకాళ్ళు రుద్దుకొనుచుందురు. ఆ రుద్దుకొనుట మాకు కనబడనట్లే మిగిలినవారము చాలకాలము నటించితిమి. ఈ సాయంకాలము మేము చెప్పదలచినది ఆ నటనను గురించియు, దానిని మానుకొన్న విధమును గురించియును.

మాది గోదావరి సీమలోని ఒక బియ్యపు మిల్లులో ఎగుమతి దిగుమతులు చేయు ముఠా. ఇరువదియిద్దరము. ధాన్యపు బస్తా 75 కిలోలు. లారీనుండి దింపి కాటామీద పెట్టుట, కాటానుండి గోదాములోనికి మోసి నెట్టు కట్టుట, మర ఆడువేళకు మరల నెట్టు విప్పుట, ఇదియే మా పని. నెట్టు పెరిగినకొలది బల్లచెక్క వాల్చి దానిమీదుగ ఎక్కవలెను. సార్వా ధాన్యము వచ్చు దినములలోను, దాళ్వా ధాన్యము వచ్చు ఎండలలోను ఒక్కొక్కడు దినమునకు 150 బస్తాలవరకు మోయును. లెక్క వేసినచో 11 టన్నులకు పైమాట. మా తాతలు కాలువ రేవులలో పడవలకు బస్తాలు ఎత్తిరి. పడవలు పోయి లారీలు వచ్చెను. మోయు వీపు మాత్రము మారలేదు.

కూలి బస్తాకింతయని ముఠాకు వచ్చును. సాయంకాలము మేస్త్రీగారు దానిని సమభాగములుగ పంచుదురు. ఎవడెన్ని మోసెనను లెక్క మాలో లేదు. ఈ సమభాగమే మాకు గౌరవము. నొప్పి దాచుకొనుటకు కారణమును అదియే. తాను నాలుగు బస్తాలు తక్కువ మోసి, తోటివాని చెమటలో వాటా తీసికొనుచున్నానను తలపు, మోకాలి పోటుకన్న ఎక్కువగ బాధించును.

మాలో పెద్దవానిని అందరము బాబాయి అని పిలుతుము. ఆ నాటికి ఏబదినాలుగేండ్లవాడు. ఎడమ మోకాలు మూడేండ్లుగ నొచ్చుచున్నను ఇంటిలో భార్యకు తప్ప ఎవరికిని చెప్పలేదు. దుకాణములో విడిగ అమ్ము నొప్పిబిళ్ళలు ఉదయము రెండు, మధ్యాహ్నము రెండు మ్రింగి పని చేసెడివాడు. ఎవరైన అడిగినచో, "అబ్బే, తిమ్మిరెక్కిందిరా, అంతే" అని నవ్వెడివాడు. ఒక దాళ్వా కాలమున, ప్రొద్దు వాలువేళ, ఆరవ వరుసకు బస్తా చేర్చుచు బల్లచెక్కమీద మలుపు తిరుగుచుండగ, ఆ మోకాలు ఒక్కసారిగ పట్టు తప్పెను. ఆయన నెట్టు పట్టుకొని నిలిచెను. బస్తా మాత్రము జారి, వెనుక వచ్చుచున్న కుర్రవాని భుజమునకు తగిలి, ఆరు వారములు వానిని ఇంటిలో కూర్చుండబెట్టినది. ఆ రాత్రి బాబాయి అన్నము ముట్టలేదు. తన కాలికన్న ఆ పిల్లవాని భుజమే ఆయనను క్రుంగదీసినది.

మరునాడు మేము నలుగురము ఆయనను వెంటబెట్టుకొని వైద్యునియొద్దకు పోతిమి. ఆ వైద్యుడు మోకాలు చూచుటకు ముందు బిళ్ళల లెక్క అడిగెను. విని, రక్తపరీక్ష చేయించెను. మూత్రపిండములకు దెబ్బ తగులుచున్న సూచన కనబడినది. బిళ్ళలు మానిన కొన్ని మాసములకు అది సర్దుకొన్నది. ఎండలో చెమటోడ్చి, నీరు చాలినంత త్రాగక పని చేయువాడు ఈ బిళ్ళలను నిత్యము మ్రింగినచో మూత్రపిండములకు అపాయము మరింత అధికమని ఆయన చెప్పినప్పుడు, మేము నలుగురమును ఒకరి మొగము ఒకరము చూచుకొంటిమి. ఎందుకనగా మాలో ఇద్దరి జేబులలో అప్పుడును ఆ బిళ్ళలే ఉన్నవి.

మా వైపున మోకాలు నొచ్చిన ప్రతివానికి ఒక తీర్పు సిద్ధముగ నుండును: "గుజ్జు అరిగిపోయింది." ఆ మాట విన్నవాడు తన కాలు అరిగిన బండి ఇరుసువంటిదని తలచును. కదలించినకొలది ఇంకను అరుగునని భయపడి మంచము పట్టును; లేదా, ఎట్లును అరిగిపోయినదే గదాయని మరింత మోటుగ వాడును. రెండును పొరపాటే. ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థికి రక్తనాళములు లేవు. కీలులోని జిగట ద్రవమే దానికి ఆహారము. అడుగు మోపినప్పుడు నొక్కబడియు, అడుగు ఎత్తినప్పుడు విప్పారియు, పిండిన గుడ్డ మరల నీటిని పీల్చినట్లు అది ఆ ద్రవమును పీల్చుకొనును. కదలని కీలు పస్తులున్న కీలు. అదియుగాక, ఎక్స్‌రే పటములో అరుగుదల మెండుగ కనబడియు స్వల్పముగ బాధపడువారు కలరు. పటము బాగుగనే యుండి మెట్లు ఎక్కలేనివారును కలరు. పటము చూచి భవిష్యత్తు చెప్పరాదని వైద్యుడు మాకు నొక్కి చెప్పెను.

అట్లని బరువునకు లెక్క లేదని కాదు. బెర్లిన్ పరిశోధకులు, కొలత సాధనములు అమర్చిన కృత్రిమ మోకాళ్ళు గల రోగులను నడిపించి, ఆ కొలతలను 2010లో ప్రకటించిరి. చేతిలో బరువేమియు లేకయే, సమతలమున నడచునప్పుడు మోకాలిపై దేహభారమునకు రెండున్నర రెట్లకు పైగ ఒత్తిడి పడును. మెట్లు ఎక్కునప్పుడు మూడు రెట్లు దాటును. దిగునప్పుడు మూడున్నర రెట్లకు చేరును. అనగా 60 కిలోల మనిషి ఉత్తచేతులతో మెట్టు దిగునప్పుడే ఆ కీలుపై 200 కిలోలు దాటుచున్నది. వీపుమీద 75 కిలోల బస్తా కూడ ఉన్నచో ఏమగునో శ్రోతలే ఊహింపవచ్చును. ఎక్కుటకన్న దిగుటయే కష్టమని మా మోకాళ్ళు ఎప్పుడో చెప్పినవి. అంకెలు తరువాత వచ్చినవి.

ఈ ఒత్తిడిని కీలునుండి కొంత తనపై వేసికొనునది తొడ ముందుభాగమున నున్న కండరము. వైద్యుడు వ్యాయామము చేయుమనగనే మాకు నవ్వు వచ్చినది. "పగలంతా బస్తాలు మోసేవాళ్ళకి మళ్ళీ కసరత్తేమిటండీ డాక్టరుగారూ?" అని మాలో ఒకడు అడిగెను. ఆయన కోపపడలేదు. ఒక పురికొస తెమ్మని, బాబాయి కుడితొడను చుట్టి ముడివేసి, ఆ ముడినే ఎడమతొడకు చుట్టి చూపెను. రెండు వ్రేళ్ళు దూరునంత సందు మిగిలినది. నొప్పిగల కాలిని మనకు తెలియకయే తప్పించి నడుతుము. అందుచేత ఎంత బరువు మోసినను ఆ కాలి కండరము చిక్కిపోవును. చిక్కినకొలది కీలుపై ఒత్తిడి పెరుగును. ఆ సాయంకాలము చెట్టుక్రింద మేమందరము పురికొసతో తొడలు కొలుచుకొంటిమి. ఏడుగురికి తేడా కనబడినది. వారిలో నలుగురు అంతవరకు నొప్పియని ఎన్నడును నోరు విప్పినవారు కారు.

ఆయన నేర్పినవి సులువైన పనులే. గోనెకట్టపై కూర్చుండి కాలిని నిటారుగ చాచి, తొడ బిగించి, పది లెక్కపెట్టువరకు ఉంచి దింపవలెను. వెల్లకిల పరుండి, ఒక మోకాలు మడిచి, రెండవ కాలిని మడవక జానెడెత్తు లేపవలెను. గోడకు వీపు ఆనించి కొంచెము కూలబడి లేవవలెను, పూర్తిగ గొంతుకూర్చుండరాదు. ఒక్కొక్కటి పదిసార్లు, రెండు పూటల. చేయునప్పుడు కొంచెము నొప్పి యుండుట సహజము. మరునాటి ఉదయమునకును అది తగ్గకున్నచో మోతాదు తగ్గించుకొనవలెను. ఆరు వారములవరకు ఫలితము అడుగవద్దని వైద్యుడు ముందే చెప్పెను. రెండవ వారములోనే ముగ్గురు మానివేసిరి. మిగిలినవారిలో బాబాయి ఒకడు. మూడు మాసములకు ఆయన పురికొసలో ఒక వ్రేలి సందు తగ్గినది.

పనిలో మార్పులు మేమే ఆలోచించుకొంటిమి. మిల్లు యజమానితో మాటలాడి బల్లచెక్కను నాలుగడుగులు పొడవైనదానిని తెప్పించితిమి, ఏటవాలు తగ్గినది. దానిమీద అడ్డముగ సన్నని బద్దలు కొట్టితిమి. ఊకదుమ్ముమీద కాలు జారుట పోయినది. క్రింద కూర్చుండి బస్తాతో లేచుట మాని, ఇద్దరు ఎత్తించువారు నడుమెత్తునుండి వీపుమీదికి అందించు పద్ధతి పెట్టుకొంటిమి. పాదము నాటియుంచి నడుము తిప్పుట మోకాలికి చేటు. అడుగులు మార్చుచు ఒళ్ళంతయు తిరుగవలెను. బాబాయి కాలు పట్టు తప్పినది అట్టి మలుపులోనే. మెట్ల సంగతి ఇంటిలోనివారికి కూడ పనికివచ్చును: ఎక్కునప్పుడు మంచికాలు ముందు, దిగునప్పుడు నొప్పికాలు ముందు. చేతికఱ్ఱ పట్టువారు నొప్పిగల వైపున కాక, రెండవ చేత పట్టవలెను.

బస్తా బరువు మాట కూడ ఎత్తితిమి. వయోజనుడైన పురుషుడు ఒక్కడు మోయదగిన బరువు 55 కిలోలకు మించియున్నచోట, దానిని వీలైనంత శీఘ్రముగ ఆ మట్టమునకు దింపవలెనని 1967లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు చేసినది. మా ధాన్యపు బస్తా దానికి 20 కిలోలు ఎక్కువ. రైతు లెక్క, కౌలు లెక్క, మర లెక్క అన్నియు ఆ బస్తాపైననే నడచుచున్నవని యజమాని సమాధానము. అందులో నిజము లేకపోలేదు. మా తప్పును కలదు. బియ్యము 25 కిలోల సంచులలో పోవుచుండగ, త్వరగ ముగియునని వాటిని మూడేసి ఒకేసారి వీపుకెత్తుకొని ఆ మేలును మేమే పోగొట్టుకొనుచుంటిమి. ఇప్పుడు రెండింటికి మించి ఎత్తరాదని ముఠా కట్టుబాటు. రాత్రి లారీ తొందరలో ఆ కట్టుబాటు తప్పువారు లేకపోలేదు.

అన్నిటికన్న కష్టమైనది వాటా తగవు. నొప్పిగలవారిని కాటాయొద్ద నిలుపుట, దబ్బనముతో సంచుల మూతులు కుట్టించుట, లెక్క వ్రాయించుట మంచిదని అందరును ఒప్పుకొనిరి. కూలి మాట రాగానే కుర్రవారు తిరుగబడిరి. "బాబాయంటే మాకు గౌరవమే. కానీ ఆయన మోయని బస్తాలు మా మోకాళ్ళమీదే పడతాయి కదా మేస్త్రీగారూ?" అని ఒకడనెను. ఆ మాట మాకు ములుకువలె తగిలినను, అబద్ధము కాదు. మూడు రాత్రులు వాదించితిమి. చివరకు, నొప్పి ముదిరిన రెండు మాసములు ముప్పాతిక వాటాయనియు, పిదప ఏ పని చేసినను నిండువాటాయనియు, నొప్పి దాచి బల్లచెక్క ఎక్కినవానికి ఆ దినపు వాటా లేదనియు నిర్ణయమైనది. ఇది అందరికిని నచ్చిన తీర్పు కాదు. ఒక కుర్రవాడు వేరొక ముఠాకు పోయెను. ప్రతి పంటకును ఈ మాట మరల లేచుచునే యున్నది.

మందుల విషయము కొంచెము చెప్పవలెను. నొప్పిచోట పూయు లేపనములు మ్రింగు బిళ్ళలకన్న క్షేమము. ముందు వాటిని ప్రయత్నించుటయే మేలు. తైలము కీలులోనికి ఇంకదు గాని, వెచ్చని చేతితో మర్దించుట హాయినిచ్చును. అందులో దోషము లేదు. సంతలలో పేరు, చీటి లేక అమ్ము పొడులను మాత్రము ముట్టరాదు. అట్టివానిలో స్టెరాయిడు కలిపియుండుట పలుమార్లు బయటపడినది. వారములో నొప్పి పోయినదని సంతోషించినవాడు పిదప మధుమేహముతోను, గుల్లబారిన ఎముకలతోను బాధపడును. కీలులో వైద్యుడు వేయు సూదిమందు కొన్ని వారములు ఉపశమనమిచ్చును. ఆ ధైర్యముతో నిండు బరువు ఎత్తరాదు. స్థూలకాయులకు మరియొక మందు కలదు: దేహభారము ఒక కిలో తగ్గినచో ప్రతి అడుగునను మోకాలిపై నాలుగు కిలోల భారము తగ్గును. బస్తాలు మోయువారిలో అట్టివారు అరుదు గాని, రేడియో వినువారిలో ఉండవచ్చును.

మోకాలు ఎఱ్ఱబారి వేడెక్కి వాచి జ్వరము వచ్చినను, పడిన వెంటనే వాచి కాలు మోపలేకున్నను, మడచిన కాలు చిక్కుకొని చాచరాకున్నను, పిక్క ఒకటియే వాచి నొచ్చినను, ఆ దినమే వైద్యుని చూడవలెను.

ఇంత చెప్పుకొన్న మాకు ఒక సంగతి ఆలస్యముగ తోచినది. ఊడ్పులలో రోజంతయు బురదలో వంగి నాట్లు వేసి, ఇంటికి వచ్చి పొయ్యియొద్ద గొంతుకూర్చుండు మా ఆడవారి మోకాళ్ళను గురించి మేమెన్నడును అడుగలేదు. పురికొస ఇంటికి తీసికొనిపోయి కొలిచినవాడు బాబాయి ఒక్కడే. ఆయన భార్యకు రెండు తొడలును సమానముగనే చిక్కియున్నవి. ఇప్పుడు ఆ ఇంటిలో పొయ్యి నడుమెత్తు అరుగుమీదికి ఎక్కినది. సాయంకాలము ఇద్దరును మంచపు పట్టెమీద కూర్చుండి కాళ్ళు చాచి లెక్క పెట్టుచుందురు. ఇరుగుపొరుగువారు నవ్వుచుందురట.

బాబాయి నొప్పి పోలేదు. చలి దినములలో ఉదయము కొంతసేపు కుంటుచునే వచ్చును. మూడవ వరుస దాటి నెట్టు ఎక్కడు. కాటాయొద్ద నిలిచి లెక్క చెప్పును. ఎవడైన మలుపులో పాదము నాటి నడుము తిప్పినచో, లెక్క ఆపి, "ఒరే, అడుగు మార్చరా" అని కేకవేయును. భుజమునకు దెబ్బ తగిలిన కుర్రవాడు ఇప్పుడు ఆయన ప్రక్కనే బస్తాలు ఎత్తించుచున్నాడు.