పోలిక
(రాజపాళయమున జరిగిన సంఘ చిత్రప్రదర్శన ప్రారంభసభలో చదివిన ప్రసంగ పాఠము)



చిత్రకళను గూర్చి మాటలాడుమని మమ్ము నిలువబెట్టుట కార్యవర్గమువారి సాహసమే. మేము అద్దములు, పటముల చట్రములు అమ్ముకొను వర్తకులము. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. కుంచె పట్టినవారము కాము. అయితే ఇరువదియైదేండ్లుగా కుంచె పట్టినవారు మా అంగడి మెట్లెక్కుచునే యున్నారు. చట్రమునకు కొలత తీయునప్పుడు ఆ పటమును అందరికంటె ముందుగా, అందరికంటె దగ్గరగా చూచువారము మేమే. ఆ చనువుతో కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

మన యూరి చిత్రకారులవారు ఈ సభలోనే వెనుక వరుసలో కూర్చున్నారు. పేరు చెప్పవలదని మాచేత మాట తీసికొనిరి గనుక, ఇంటిలో పిలిచినట్లే చిన్నాయనగారు అందుము. యౌవనమున వారు సినిమా బ్యానర్లు వ్రాసిరి. నిచ్చెనమీద నిలిచి కథానాయకుని కన్నొక్కటే ఒక పూటంతయు వ్రాసెడివారట. 2000 దాటిన తరువాత కంప్యూటరు అచ్చుతో ఫ్లెక్సు బ్యానర్లు వచ్చి, కొద్ది యేండ్లలోనే ఆ పనిని మింగివేసినవి. తోడి పనివారు కొందరు ఇండ్లకు సున్నము కొట్టుటకు పోయిరి. వీరు మాత్రము ఇంటింటి మొగములు వ్రాయుటకు పూనుకొనిరి. గతించిన పెద్దలను, పెండ్లి దంపతులను వ్రాసిరి. పిదప కుక్కలు, జల్లికట్టు ఎద్దులు, ఒకటి రెండు పిల్లులు కూడ వచ్చి చేరినవి.

కుక్కలనగానే మన యూరివారికి వేరుగా చెప్పనక్కరలేదు. తరతరముల క్రిందట తెలుగుసీమ విడిచి వచ్చి మనము నిలిచిన ఈ యూరి పేరు దేశమున చాలమందికి తెలిసినది మన కుక్కవలననే. 2005లో తపాలాశాఖవారు దేశవాళీ కుక్కలపై నాలుగు బిళ్లలు వెలువరింపగా, అందొకటి రాజపాళయము కుక్కకు దక్కినది. పాలవంటి ఒడలు, గులాబివన్నె ముక్కు, పొడుగైన కాళ్లు దాని లక్షణములు. ఈ తెల్లని జాతిలో కొన్ని పిల్లలు పుట్టుచెవిటివి యగుటయు మీరెరిగినదే.

అట్టి చెవిటి కుక్క నొకదానిని వ్రాయుమని ఒక యింటివారు చిన్నాయనగారిని పిలిచిరి. మొదటి మూడు దినములు వారు కుంచె తీయలేదు. తిన్నెమీద కూర్చుండి, కుక్కను చూచి, కాఫీ త్రాగి వచ్చెడివారు. ఆ యింటి యజమాని మా అంగడికి వచ్చి, “కూలి దినముల లెక్కనా, పటము లెక్కనా?” అని రహస్యముగా విచారించెను. పటము లెక్కనే యని చెప్పిన పిదపగాని ఆయన మొగము తేటపడలేదు. నాలుగవ దినమున కుక్క తల యెత్తవలసి వచ్చినది. పేరుపెట్టి పిలిచిన వినదు. చిటిక వేసిన వినదు. అప్పుడు చిన్నాయనగారు మడమతో నేలను గట్టిగా తట్టిరి. ఆ అదురు పాదములకు తగులగానే అది తటాలున తలయెత్తి వారివంక చూచెను. ఆ చూపే పటములో నిలిచినది. “మూడు దినములు ఊరకే కూర్చుంటిననుకొంటిరి గదా నాయనా! దీనికి ఏది వినబడునో వెదకుచుంటిని” అని వారు పిదప మాతో చెప్పిరి.

తెల్లని కుక్కను తెల్లరంగుతో వ్రాయరాదని మాకప్పుడే తెలిసినది. నీడ పడిన ప్రక్క నీలము కలిసిన బూడిదవన్నె. ఎర్రసిమెంటు నేల కాంతి పైకి కొట్టిన చోట, కడుపు క్రింద, లేత కావివన్నె. మెడ మడతలలో కొంచెము పసుపు. అచ్చమైన తెలుపు ఎండ తగిలిన నుదుటిమీదను, ముక్కు దూలముమీదను మాత్రమే కలదు. వెండ్రుకలు మొదట ముదురుగా వ్రాసి, పైన లేతవి వేయుచు, అవి ఒడలిమీద ఏ దిక్కున వాలియున్నవో ఆ దిక్కుననే కుంచె లాగవలెను. కంటిలోని వెలుగుచుక్క రెండు కన్నులలోను ఒక ప్రక్కనే పడవలెను. అది తప్పెనా, ఎంత చక్కని పటమైనను కన్ను చచ్చిపోవును. విగ్రహములకు కన్ను తెరచుట శిల్పులు చివరకు పెట్టుకొందురు. చిన్నాయనగారు కన్నులే మొదట వ్రాయుదురు. “అది నన్ను చూచుచుండగా తక్కిన పనిలో దొంగతనము చేయలేను” అని వారి మాట.

ఆ కుక్క ఎడమచెవి అంచు చిరిగియుండెను. చెవిని సరిచేసి వ్రాయుమని ఇంటివారు కోరిరి. వీరు వినలేదు. పటము మా అంగడినుండి ఆ యింటికి చేరిననాడు మేమును వెంట వెళ్లితిమి. ఆ యింటి అవ్వ, చూపు సరిగా ఆననిది, పటము దగ్గరకు వచ్చి ఆ చిరుగుమీద వ్రేలుంచి, “అడవిపంది కొట్టినది ఇక్కడనే” అనెను. చిన్నాయనగారు గుమ్మము వెలుపల నిలిచి కండువాతో మొగము తుడుచుకొనుట మేము చూచితిమి. సొమ్ము తరువాత వచ్చినది, అదియు కొంత తగ్గించి.

మరొకరు పంజరములోని చిలుకను వ్రాయుమనిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన దేశపు చిలుకను బంధించి యుంచుట నేరము. ఆ మాట చెప్పి, చిలుకను వదలిపెట్టించి, జామచెట్టుమీద వ్రాసియిచ్చిరి. చట్రము లాభము మాకే వచ్చినది.

మొగములు వ్రాసి బ్రదుకుట తక్కువ పని యనుకొనువారు రవివర్మను తలచుకొనవలెను. 1848లో కిళిమానూరులో పుట్టిన ఆయన దేవతల పటములచేత మన గోడల కెక్కెను గాని, సంస్థానములు తిరిగి రాజుల, దొరల మొగములు వ్రాయుటయు ఆయన వృత్తియే. తిరువాన్కూరు కొలువునందున్న రామస్వామి నాయుడు తైలవర్ణముల మర్మము ఆ బాలునకు చెప్పుటకు ఇష్టపడలేదని చరిత్రకారులు వ్రాసిరి. పేరునుబట్టి మనవాడని గర్వపడుదమా, సిగ్గుపడుదమా? 1868లో వచ్చిన థియొడోర్ జెన్సన్ అను దొరయు తాను వ్రాయుచుండగా చూచుటకు మాత్రమే అనుమతించెను. ఆ చూచుటయే రవివర్మకు చాలినది. 1893లో ఆయన, నాన్న వచ్చుచున్నాడని బిడ్డకు చూపుచున్న తల్లిని వ్రాసెను. ఆ తల్లి ఆయన సొంత కుమార్తెయే. ప్రక్కన పెంపుడు కుక్కయు కలదు. నాన్న మాత్రము పటములో కానరాడు.

ఇక మా తప్పు చెప్పుకొనవలసియున్నది. రెండేండ్ల క్రిందట ఈ మందిరమునకు సంఘ స్థాపకులైన నలుగురు పెద్దల పటములు కావలసివచ్చినప్పుడు, పాత ఫొటోలను కంప్యూటరులో పెద్దవి చేయించినచో నాలుగవవంతు ఖర్చుతో పోవునని వాదించినది మేమే. చేయించితిమి. ఆ పనివాడు శ్రద్ధగలవాడే. పాత కాగితముమీది మరకలతోపాటు మొదటి అధ్యక్షులవారి మొగముమీది మశూచికపు మచ్చలను గూడ తుడిచివైచెను. ఆవిష్కరణకు ఆయన చెల్లెలుగారిని పిలుచుకొని వచ్చితిమి. ఆమెకు తొంబదేండ్లు. ఆమె పటమును చాలసేపు చూచి, “ఎవరీ పిల్లవాడు?” అని యడిగెను. సభలో అందరును నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆ చట్రము మాదే.

మరునాడే చిన్నాయనగారి యింటికి పోయితిమి. వారికి అప్పటికి ఒక కంటికి శుక్లము తీసియుండిరి. చేయియు కొంచెము వణకుచున్నది. కుమార్తె మిల్లు ఆఫీసులో పని ముగించుకొని వచ్చి, సాయంకాలములు తండ్రి ప్రక్కన కుంచె పట్టుచున్నది. ఇద్దరును కలిసి పని చేపట్టిరి. ఆదివారములందు ఆ పెద్దమ్మగారిని కుర్చీతో తెచ్చి పటము ముందు కూర్చుండబెట్టెడివారము. “పెదవి ఇంత మంచిది కాదు, అన్నకు కోపమెక్కువ” అని ఆమె చెప్పును, వీరు దిద్దుదురు. నాలుగు నెలలు పట్టినది. ఒక ఆదివారమున ఆమె ఏమియు చెప్పక తల పైట సవరించుకొనెను. పోలిక వచ్చినదని అందరికిని తెలిసినది. ఆ రాత్రి చిన్నాయనగారు రెండు ఇడ్డెనలు ఎక్కువ తినిరని వారి యింటి ఇల్లాలు చెప్పిరి.

ఇంకను మూడు పటములు మిగిలినవి. ఒకటి చాలును, తక్కినవి అచ్చువే యుండనిమ్మని కార్యవర్గములో కొందరి యభిప్రాయము. నిన్నటివరకు మాది కూడ అదే బుద్ధి గనుక వారిని తప్పుపట్టము. ఒక పటము ఖర్చు మేము భరింతుము. కాని ఇది సొమ్ముతో ముగియు మాట కాదు. ఆ ముగ్గురిని కన్నులార చూచినవారు ఊరిలో ఇద్దరే మిగిలియున్నారు. ఇద్దరును ఎనుబది దాటినవారు. “కాదు, చూపు ఇట్లుండెడిది” అని చెప్పువారున్నప్పుడే పటమును దిద్దవచ్చును. వచ్చే ఆదివారపు సమావేశమున ఈ విషయము నిర్ణయింపవలెనని కోరుచున్నాము.

మొదటి అధ్యక్షులవారి పటము మీ కుడిచేతి గోడమీద నున్నది. పేరు తమిళమునను తెలుగునను వ్రాయించితిమి. తెలుగు లిపి రాని పిల్లలు పెద్దలనడిగి చదువుకొనవచ్చును. తైలవర్ణమునకు అద్దము తగిలింపరాదు గనుక అందులో మాకు అద్దము బేరము పోయినది. అవిసెనూనె గాలిని పీల్చి గట్టిపడుటకు నెలలు పట్టును. సభ ముగిసిన పిదప అందరును దగ్గరకు పోయి చూడవచ్చును. రంగు ఇంకను ఆరలేదు గనుక దయచేసి చేతితో తాకవలదు.