లేని పిల్ల కోసం నడిచిన కేసు

(మహిళా దినోత్సవం నాడు మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చరిత్రలో చోటు దక్కని స్త్రీల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఎక్కడో వెతకనక్కరలేదు. మనమంతా నవ్వుకుంటూ చూసిన 'కన్యాశుల్కం' నాటకంలోనే వాళ్లున్నారు.

ఈ నాటకం వెనుక ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. మూడేళ్లకు 1,034 తేలాయి. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల ధర 350 నుంచి 400 రూపాయలు! 1897లో అచ్చయిన తొలి కూర్పు ముందుమాటలో గురజాడవారు ఈ అంకెలిచ్చారు.

మనం రిజిస్టర్లు రాసి రిటైరైనవాళ్లం. గమనించండి: ఈ అంకెల్లో వయసుంది, ధర ఉంది, పేరు మాత్రం లేదు.

ఇక నాటకానికి వద్దాం. అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు అమ్మజూపుతాడు. తల్లి గోడు వినడు. పిల్ల మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, ఆ ముసలాయనకే ఇచ్చి పెళ్లి చేస్తాడు. తరువాత ఆ 'పెళ్లికూతురు' మాయం. పోలీసులు కదిలారు, వకీళ్లు కదిలారు, ముసలాయన మెడకు ఖూనీ కేసు చుట్టుకుంది.

మనం పగలబడి నవ్వుతాం. ఇంటికెళ్లాక ఆలోచిస్తే గుండె కలుక్కుమంటుంది. లేని పిల్ల కోసం కచేరీలన్నీ కదిలాయి. ఉన్న సుబ్బిని అమ్మబోయినందుకు తండ్రి మీద ఏ కేసూ లేదు. నాటకం తొలిసారి ఆడింది 1892లో. ఆడపిల్ల పెళ్లికి 14 ఏళ్లుండాలని శారదా చట్టం వచ్చింది 1929లో.

మా నాయనమ్మకు ఎన్నో ఏట పెళ్లయిందో తెలుసుకోవాలని నాకు బుద్ధి పుట్టేసరికి చెప్పేవాళ్లెవరూ మిగల్లేదు. మీ ఇంట అలా కానివ్వకండి. సర్వీసు రిజిస్టర్లో తండ్రి పేరు రాసుకున్నాం. ఇప్పుడు తీరిక ఉంది. ఒక నోటుపుస్తకం తీసి అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు, ఊళ్లు, పెళ్లినాటి వయసులు రాసి మనవరాళ్ల చేతికివ్వండి.