తూకానికి అమ్మిన పాట
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అయిదు నిమిషాల్లో ఒక తప్పు ఒప్పుకుందామని లేచాను.

మా నాన్నగారికి ఒక గ్రామఫోను, పెట్టెడు ప్లేట్లు ఉండేవి. వాటిలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ అంటే ఆయనకు ప్రాణం. నాయుడు గారు 1893లో బెంగుళూరులో పుట్టినా, పెరిగింది మన విశాఖలోనే. అన్నగారు వెంకటకృష్ణయ్య గారే తొలి గురువు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరారు. 1936లో ప్రిన్సిపాలయ్యారు. 1964లో కాలం చేశారు.

ఆ లక్క ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక వైపు సుమారు మూడు నిమిషాలే. కచేరీలో మనోధర్మం కొద్దీ ఎంతసేపైనా పెంచగల రాగాన్ని ఆ మూడు నిమిషాల్లో ఇమడ్చాలి. ఫైలంతా అరపేజీ నోటులో పెట్టడం మనకూ తెలుసు. అయితే మన నోటు ఎవరూ రెండోసారి చదవరు!

మా ప్లేటు మీద ఒక గీత ఉండేది. ముల్లు అక్కడికి రాగానే అదే సంగతి మళ్లీ మళ్లీ పలికేది. నాన్నగారు వేలితో మెల్లగా ముందుకు నెట్టేవారు.

ఆయన పోయాక, ఇల్లు మారేటప్పుడు చోటు చాలదని గ్రామఫోను, పెట్టె పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేశాను. మా అమ్మ ఏమీ అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నాయుడు గారి పాత రికార్డులు తర్వాత కాలంలో మళ్లీ విడుదలయ్యాయి. మొన్న మా మనవడు తన ఫోనులో వినిపించాడు. రెండు క్షణాల్లో పోల్చుకున్నాను. గీత ఉండే చోటు రాగానే నా వేలు దానంతటదే లేచింది. కమాను ఆగకుండా సాగిపోయింది. నాన్నగారు నెట్టేసిన ఆ కాస్త ముక్కను ఈ వయసులో మొదటిసారి విన్నాను.

నాయుడు గారు మహా విద్వాంసులు కాబట్టి తిరిగి వచ్చారు. అదే పెట్టెలో హరికథలు, నాటక పద్యాలు పాడినవాళ్లూ ఉన్నారు. వాళ్ల పేర్లు కూడా నాకు గుర్తులేవు. ఎవరి కోసమని వెతకను?

అందుచేత నా విన్నపం ఒక్కటే. ఇల్లు సర్దేటప్పుడు పాత పెట్టెను తూకం వేయించే ముందు, దాని మీది పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒక్క మాట అడగండి. రాయడం మనకు చేతనైన పనే కదా.

సెలవు.