పంపును నిందించుటకు ముందు

(చూలైలో తెలుగు లారీ డ్రైవర్ల, మెకానిక్కుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు లారీ ఈడ్వలేకపోయినచో మనవారి నోట మొదట వెలువడు మాట "పంపు పోయినది" అనునదే. పంపు నిజముగా చెడుటయు కలదు. కాని దానికి డీజిలు సరిగా అందుచున్నదా యని చూడక దానిని విప్పుట, బావిలో నీరు లేనప్పుడు మోటారు మార్చుట వంటిది.

గూడూరునుండి మాధవరమునకు సరకు తెచ్చు లారీ యొకటి ఇట్లే వంతెన యెక్కునప్పుడు చతికిలపడుచుండెను. ఒక షెడ్డువారు పంపు మార్పవలెననిరి. మేము టాంకునుండి వచ్చు పైపు నడుమ లోపల కనబడునట్టి గొట్టము ముక్క నమర్చి చూడగా, డీజిలుతోబాటు బుడగలు వచ్చుచుండెను. బిగింపు కడ రబ్బరు పగిలియున్నది. నేలపై చుక్కయైనను లేదు! ఏలయన టాంకునకును ఫీడు పంపునకును నడుమనున్నది పీల్చు దారి. అది చిల్లిపడినచో, ఇంజను నడచుచుండగా గాలిని లోనికి పీల్చును గాని డీజిలును వెలుపలికి కార్చదు.

కావున మొదట టాంకులోని జాలిని, మూతకుగల గాలి రంధ్రమును చూడుడు. ఫీడు పంపునకు తరువాత ఫిల్టరు గల బండ్లలో, ఫిల్టరునకు ముందొక గేజి, వెనుక నొకటి పెట్టి, ఇంజనుకు బరువిచ్చి చదువుడు. ముందు సరిగానుండి వెనుక తగ్గినచో తప్పు ఫిల్టరుది. రెండు చోట్లను తగ్గినచో ఫీడు పంపుదో, పీల్చు దారిదో. ఎంత ఉండవలెనో ఆ బండి పుస్తకమే చెప్పవలెను. అంతయు బాగుండినచో ఇంజెక్టర్ల తిరుగు డీజిలును వేరువేరు సీసాలలో పట్టుడు. ఏ సీసా మిగిలినవానికంటె త్వరగా నిండునో ఆ ఇంజెక్టరే పీడనమును జారవిడచుచున్నది.

ఇంక ముఖ్యమైన మాట. 1951లో బెంగళూరున స్థాపితమైన మైకో వారి వరుస పంపులపై పని నేర్చినవారు, ఇంజను నడచుచుండగనే ఒక్కొక్క పైపు నట్టు వదులుచేసి, పనిచేయని సిలిండరును కనుగొనెడివారు. కామన్ రైలు ఇంజనుపై ఆ అలవాటు కూడదు. 2020 ఏప్రిల్‌నుండి అమలైన బి.ఎస్. 6 నియమముల నాటి లారీలలో పీడనము తరచుగా 1600 బార్లు, అంతకు మించియు నుండును. లారీ టైరులోని గాలి ఎనిమిది బార్ల ప్రాంతము. ఆ ధార చర్మమును చీల్చి లోనికి పోవును. పైకి సూది గ్రుచ్చినట్లే కనబడును, నొప్పియు మొదట స్వల్పమే. లోపల మాంసము చెడును. ఆలస్యమైనచో వ్రేలు తీసివేయవలసి వచ్చును.

ఇంజను ఆపి, పుస్తకము చెప్పినంతసేపు తాళి, పిమ్మట స్పానరు పట్టుడు. కారుటను చేతితో తడవి చూడకుడు. ఒకవేళ గ్రుచ్చుకొన్నచో కట్టుకట్టి ఊరకుండక, తక్షణమే శస్త్రవైద్యుడున్న ఆసుపత్రికి పోయి, తెలుగుననో తమిళముననో, "డీజిలు లోపలి కెక్కినది" అని స్పష్టముగా చెప్పుడు. చిన్న గాయమని వెనుకకు పంపనీయకుడు.

వచ్చు ఆదివారము గేజులు రెండును తెచ్చెదను. ఈడ్వని లారీ యెవరికున్నను తోలుకొని రండు; మాటలకంటె అది మేలు.