గడి లేకపోతే మనల్ని ఎక్కడ రాస్తారు?

(వాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వాన గట్టిగా పట్టిందంటే ఊరి నీళ్ళన్నీ ఎక్కడికొస్తాయో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మెరక మీద ఊరు, పల్లంలో వాడ. ఈ పల్లం దేవుడిచ్చింది కాదు, కులం చూపించిన జాగా. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడితే సర్కారు లెక్కలోనే పదివేల దాకా ప్రాణాలు పోయాయి. మేడలున్నవాళ్ళు మేడలెక్కారు. గుడిసెలో ఉన్నవాడు ఏది ఎక్కుతాడు? 2004 సునామీ తర్వాత తమిళనాడు నాగపట్నంలో దళితుల్ని కొన్ని శిబిరాల్లోకి రానీయలేదని, నీళ్ళ ట్యాంకు ముట్టనీయలేదని పత్రికలే రాశాయి. సముద్రానికి కులం లేదు గానీ, అది వెనక్కి పోయాక పంచిన అన్నానికి ఉంది.

ఇప్పుడు దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకుంటున్నది దీని గురించే. ఎండలు, తుపాన్లు ముదురుతున్నాయి. తట్టుకొని బతకడానికి ప్రపంచమంతటికీ ఒక లక్ష్యం కావాలని ఆఫ్రికా దేశాలు పట్టుబట్టాయి. 2015లో పారిస్ ఒప్పందం ఏడో అధికరణంలో అది చేరింది. చేరింది గానీ, లక్ష్యం అందామో లేదో తెలిసేదెట్లా? 2023లో దుబాయిలో నీళ్ళు, తిండి, ఆరోగ్యం, బతుకుదెరువు వగైరా ఏడు పద్దులు పెట్టారు. 2025 నవంబరులో బ్రెజిల్ దేశం బెలెంలో 59 కొలబద్దలు ఒప్పుకున్నారు. ఇష్టమైతే వాడుకోవచ్చు, బలవంతం లేదు.

డబ్బు సంగతంటారా? ఇందుకోసం 2023లో పేద దేశాలకు వచ్చింది 2,600 కోట్ల డాలర్లు. 2035 నాటికి ఏటా 31,000 కోట్ల పైమాటే కావాలని ఐక్యరాజ్యసమితే లెక్కగట్టింది. పొగ వదిలింది వాళ్ళు, మునిగేది మనం. మన సర్కారు వాళ్ళని నిలదీయాల్సిందే, మేమూ గొంతు కలుపుతాం. అయితే అక్కడ 'మా వాటా ఏది?' అని అడిగే సర్కారు, ఇక్కడ వాడ అదే మాట అడిగితే ఎందుకు మొహం తిప్పుకుంటుంది?

మేం బడిపంతుళ్ళం. జనాభా లెక్కలు ఇల్లిల్లూ తిరిగి రాసేది మేమే. కాగితంలో గడి లేనిది లెక్కలోకి రాదు, ఇది మాకు బాగా తెలుసు. 'ఊరికి మంచినీటి వసతి ఉన్నదా?' అని ఉంటుంది. ట్యాంకు ఊరి నడుమ ఉంటుంది. 'ఉన్నది' అని టిక్కు పెడతాం. వాడ పంపులో బిందె నిండకముందే నీళ్ళు ఆగిపోతాయని రాయడానికి గడి ఎక్కడిది? జనాభా లెక్కల్లో ఎస్సీ అని గడి ఉంది గనకనే మనకు ఎన్ని సీట్లు రావాలో తేలింది.

పారిస్ ఒప్పందంలో కులం అన్న మాట లేదు. 'దుర్బల సమూహాలు' అన్నారు. అందులో అందరూ పడతారు, ఎవరూ కనబడరు. మారదా అంటే మారుతుంది. బెలెంలో కొన్ని నిర్ణయాల్లో 'ఆఫ్రికా సంతతి ప్రజలు' అన్న మాట మొదటిసారి ఎక్కింది. నల్లవాళ్ళు పోరాడితే ఎక్కింది, ఎవరో దయతలిస్తే కాదు. కొలబద్దల్ని సరిచేసే పని ఇంకా ఉంది. 2027లో ఇథియోపియాలోని ఆడిస్ అబాబాలో సభ.

అందాకా కాచుకు కూర్చోం. వచ్చే వానలకు ముందే నోటుబుక్కు పట్టుకొని వాడంతా తిరుగుదాం. ఏ ఇంట్లోకి ఎంత ఎత్తు నీళ్ళొచ్చాయి, ఎన్నాళ్ళు కూలి పోయింది, తుపాను షెల్టరు ఎంత దూరం, అక్కడ మనల్ని ఏ మూల కూర్చోబెట్టారు, అన్నీ రాద్దాం. గ్రామసభలో పైకి చదువుదాం. రెండు ప్రతులు రాయండి. ఒకటి తహసీల్దారాఫీసులో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకోందే గుమ్మం దిగొద్దు.