క్రాఫ్ట్ గదిలో బెంచీ ముక్కలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మా బ్యాచ్ తరఫున మాట్లాడమన్నారు. వృత్తికి మెకానికల్ ఇంజనీరుని. ఆదివారాలు చిన్న లేత్ మీద కర్ర తరిమెన పడుతుంటాను. అందుకని కర్రముక్కల గురించే చెబుతాను.

బడి వెనక క్రాఫ్ట్ గది నిండా విరిగిన టేకు బెంచీలున్నాయి. వంటచెరకు కింద అమ్మేసి గది ఖాళీ చేద్దామని కమిటీలో అనుకుంటున్నారట. అమ్మొద్దని అడగడానికే మైకు పట్టుకున్నాను.

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేస్తారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుగుతున్న కర్రకు రంగు లక్క ఆనిస్తే రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. బ్రష్షుతో పనే లేదు. ఈ పని మన పిల్లలు చూడాలి.

చిన్న ముక్కతో చిక్కేమిటంటే, చక్ పట్టుకోవడానికే రెండు మూడు సెంటీమీటర్లు పోతుంది. అయిదు సెంటీమీటర్ల ముక్కలో ఇక మిగిలేదేముంది? అందుకని దాన్ని పనికిరాని దిమ్మకు బంకతో అతికించి, దిమ్మను చక్‌లో బిగిస్తాం. ముక్క మొత్తం పనికొస్తుంది. బొంగరమో, చదరంగం బంటో, కుంకుమ భరిణె మూతో అవుతుంది.

గిన్నె కావాలంటే పన్నెండు ముక్కలు చక్రంలా అతకాలి. ఒక్కో కొస 15 డిగ్రీలు కోయాలి. కోత కోతకీ అర డిగ్రీ తేడా వస్తే, 24 కోతలకు 12 డిగ్రీల సందు నోరు తెరుస్తుంది. తొమ్మిదో తరగతి జామెట్రీ ఇంతకంటే బాగా ఎక్కే దారి నాకు తెలీదు. పై వరస అతుకులు కింది వరస అతుకుల మీద పడకూడదు, ఇటుక కట్టుబడిలాగే.

పాత బెంచీ కర్ర ఏనాడో ఎండిపోయింది కాబట్టి ఇక పెద్దగా వంకర పోదు. కానీ టేకులో నూనె ఉంటుంది, అతికే ముందు స్పిరిట్‌తో తుడవాలి. ఉలి తొందరగా మొండిబారుతుంది. మేకులు దాగుంటాయి, అయస్కాంతంతో వెతకాలి. పాత రంగులో సీసం ఉండొచ్చు. అలాంటి పలకలు పిల్లలకు ఇవ్వనే కూడదు. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. చున్నీలు, వేలాడే చేతులు లేత్ దగ్గరికి రాకూడదు.

కంపాసుతో పేర్లు చెక్కిన పలకలు మాత్రం కోయొద్దు. ఎవరి పేర్లో నేను చెప్పను, ముందు వరసలో కొందరు నవ్వుతున్నారు.

నా లేత్ బడికి ఇచ్చేస్తాను. నెలకు రెండు శనివారాలు నేనే వచ్చి పక్కన నిలబడతాను. తాళంచెవి హెడ్మాస్టరుగారి దగ్గరుందట. భోజనాలయ్యాక మేకులు పీకడానికి నలుగురు కావాలి, ఎవరొస్తారు?